బాటర్సీ నార్త్: అరవై అయిదేళ్ల ఓట్ల కథ

సభలోని పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి భారతీయుడెవరని అడిగితే పదో తరగతి పిల్లలు కూడా దాదాభాయ్ నౌరోజీ పేరు చెబుతారు. 1892లో లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి లిబరల్ పార్టీ తరఫున అయిదే అయిదు ఓట్ల మెజారిటీతో గెలిచారు. రెండో ఆయన మంచెర్జీ భావనగరీ. 1895లో బెత్నల్ గ్రీన్ నార్త్ ఈస్ట్ నుంచి కన్జర్వేటివ్‌గా గెలిచారు. మూడో ఆయన షాపూర్జీ సక్లత్‌వాలా. మొదటి గెలుపు లేబర్ టికెట్ మీద, రెండోది కమ్యూనిస్టుగా. ముగ్గురూ పార్సీలే. ముగ్గురూ లండన్ నుంచే గెలిచారు. ఆ మూడు నియోజకవర్గాల్లో ఈ రోజు ఒక్కటీ లేదు. ఫిన్స్‌బరీ సెంట్రల్ 1918లో, బెత్నల్ గ్రీన్ నార్త్ ఈస్ట్ 1950లో, సక్లత్‌వాలా గెలిచిన బాటర్సీ నార్త్ 1983లో పునర్విభజనలో పోయాయి.

నియోజకవర్గం పోవడమంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. హనుమకొండ లోక్‌సభ స్థానం ఇప్పుడు లేదు. పీవీ నరసింహారావు గారు అక్కడ గెలిచారు, 1984లో అక్కడే జంగారెడ్డి గారి చేతిలో ఓడారు. 2009 నాటికి సిద్దిపేట, మిర్యాలగూడ, తెనాలి, బొబ్బిలి లోక్‌సభ స్థానాలు కూడా పోయాయి. స్థానం పేరు చెరిగిపోయాక అక్కడి ఎన్నికల చరిత్ర కూడా మెల్లగా జ్ఞాపకం నుంచి జారిపోతుంది. ఎవరో ఒకరు పనిగట్టుకుని చెప్పుకోవాలి. ఈ రోజు నేను బాటర్సీ నార్త్ గురించి ఆ పని చేయదలచుకున్నాను.

సక్లత్‌వాలా గురించి ఎవరైనా మాట్లాడితే ఆయన వాగ్ధాటి గురించి, తెగువ గురించి, టాటా వంశంలో పుట్టి కమ్యూనిస్టు కావడం గురించి మాట్లాడతారు. అవన్నీ నిజమే. కానీ 1922లో ఒక లండన్ కార్మిక వాడలో పదకొండు వేల మందికి పైగా ఇంగ్లీషు, ఐరిష్ ఓటర్లు బొంబాయి నుంచి వచ్చిన ఒక మనిషికి ఓటేశారంటే దాన్ని వాగ్ధాటితో సరిపెట్టలేం. ఆ ఓట్లకు వెనక ముప్పై ఏళ్ల స్థానిక సంఘం ఉంది. దాని అండ ఉన్నంతకాలం ఆయన గెలిచారు, గెలవకపోయినా గెలుపు అంచు దాకా వచ్చారు. అది చేజారిన రోజున అదే మనిషి, అదే వాగ్ధాటి, మూడో స్థానంలోకి వెళ్లిపోయారు. నా మాటంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఊరు ఎలాంటిదో చూద్దాం. బాటర్సీ థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యదాకా కూరగాయల తోటలు. రైల్వే వచ్చాక తోటలు పోయి పట్టాలు వచ్చాయి. నైన్ ఎల్మ్స్‌లో రైల్వే యార్డులు, క్లాపమ్ జంక్షన్, నది ఒడ్డున ప్రైస్ కంపెనీ కొవ్వొత్తుల ఫ్యాక్టరీ, లోహం కరిగించే మూసలు చేసే మోర్గన్ ఫ్యాక్టరీ, గ్యాస్ పనులు. ఆ పనుల కోసం వచ్చినవాళ్లలో ఐరిష్ కుటుంబాలు బాగా ఉన్నాయి. నదికి దగ్గరగా ఉన్న ఉత్తర భాగంలో పేద కార్మికులు, కొంచెం ఎత్తుగా ఉన్న దక్షిణ భాగంలో గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు. 1918లో బాటర్సీని ఉత్తరం, దక్షిణం అని రెండు సీట్లుగా విడగొట్టినప్పుడు ఈ తేడా ఓట్లలోకి కూడా వచ్చేసింది.

అప్పటిదాకా బాటర్సీ అంటే జాన్ బర్న్స్. ఇంజనీరింగ్ కార్మికుడు, 1889 నాటి లండన్ డాక్ సమ్మె నాయకుల్లో ఒకడు. 1892లో నౌరోజీ గెలిచిన ఎన్నికలోనే బర్న్స్ కూడా బాటర్సీ నుంచి గెలిచాడు, 1918 దాకా ఓడలేదు. ఆయన చుట్టూ బాటర్సీ లేబర్ లీగ్ పుట్టింది. కార్మిక సంఘాల శాఖలన్నీ కలిసి ట్రేడ్స్ కౌన్సిల్ ఏర్పాటు చేసుకున్నాయి. దీన్ని ఊరిస్థాయిలో అన్ని యూనియన్ల ఉమ్మడి కమిటీ అనుకోండి. రాడికల్ లిబరల్స్, సోషలిస్టులు, యూనియన్ల వాళ్లు కలిసి ప్రోగ్రెసివ్స్ అనే పేరుతో కౌన్సిల్ ఎన్నికల్లో పోటీ చేసేవారు, గెలిచేవారు.

గెలిచి ఊరికే కూర్చోలేదు. కాంట్రాక్టర్లను పక్కనపెట్టి కౌన్సిలే సొంతంగా కార్మికులను పెట్టుకుని పనులు చేయించింది. 1903లో పూర్తయిన లాచ్‌మియర్ ఎస్టేట్ అనే ఇళ్ల కాలనీని అలా సొంత కార్మికులతోనే కట్టించింది. ఆ కాలనీ వీధుల పేర్లు చదివితే నాకు చాలా ఆనందం కలుగుతుంది. ఒకటి ఫ్రీడమ్ స్ట్రీట్, ఒకటి రిఫార్మ్ స్ట్రీట్, ఇంకొకటి జూబర్ట్ స్ట్రీట్. జూబర్ట్ ఎవరు? దక్షిణాఫ్రికాలో బోయర్ల సేనాపతి, అంటే బ్రిటిష్ సైన్యం మీద యుద్ధం చేసినవాడు. ఆ యుద్ధం ముగిసి ఏడాది గడిచిందో లేదో, లండన్‌లోని ఒక కౌన్సిల్ శత్రు సేనాపతి పేరును తన కొత్త వీధికి పెట్టింది. సామ్రాజ్యం చేసే యుద్ధాలను తప్పుపట్టడం ఆ ఊరికి సక్లత్‌వాలా వచ్చి నేర్పిన పాఠం కాదు. ఇరవై ఏళ్ల ముందే అక్కడి వీధి మూల మీద రాసి ఉంది.

ఇంకో ఉదాహరణ. 1906లో లాచ్‌మియర్ పార్కులో ఒక గోధుమరంగు కుక్క విగ్రహం పెట్టారు. వైద్య కళాశాల ప్రయోగంలో చచ్చిపోయిన కుక్క జ్ఞాపకార్థం, అలాంటి ప్రయోగాలకు నిరసనగా. మరుసటి ఏడాది మెడికల్ విద్యార్థులు దాన్ని పడగొట్టడానికి గుంపులుగా వచ్చారు. బాటర్సీ కార్మికులు, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడుతున్న మహిళలు కలిసి అడ్డం నిలబడ్డారు. చివరికి కౌన్సిల్ చేతులు మారాక 1910లో విగ్రహాన్ని రాత్రివేళ తీసేశారు, అది వేరే సంగతి. యూనియన్ మనిషి, ఓటు హక్కు అడిగే స్త్రీ, ఐరిష్ స్వాతంత్ర్యం కోరేవాడు ఒకే వీధిలో ఒకరినొకరు ఎరిగి ఉండటం చూడండి. ఎన్నికల సమయంలో ఇంటింటికీ తిరిగేది వీళ్లే.

ఆ వీధుల్లోనే జాన్ ఆర్చర్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నల్లజాతి నావికుడు, తల్లి ఐరిష్. 1906లో కౌన్సిలర్ అయ్యాడు. 1913 నవంబర్‌లో 40 ఓట్లు తెచ్చుకుని, ప్రత్యర్థికి 39 రాగా, ఒకే ఒక్క ఓటు తేడాతో మేయర్‌గా ఎన్నికయ్యాడు. లండన్‌లో తొలి నల్లజాతి మేయర్ ఆయనే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. బాటర్సీ నార్త్ చరిత్రలో సక్లత్‌వాలా కన్నా ఆర్చర్ ముఖ్యుడని నా అభిప్రాయం. ఆ పోలిక కొందరికి నచ్చకపోవచ్చు, కానీ లెక్కలు చూశాక మీరే నిర్ణయించుకోండి.

ఇక 1918. యుద్ధం ముగిసింది. కొత్త చట్టంతో 21 ఏళ్లు నిండిన మగవాళ్లందరికీ, కొన్ని ఆస్తి షరతులతో 30 ఏళ్లు నిండిన స్త్రీలకు ఓటు వచ్చింది. యుద్ధాన్ని వ్యతిరేకించి 1914లో మంత్రి పదవికి రాజీనామా చేసిన బర్న్స్ రాజకీయాల నుంచి తప్పుకున్నాడు. బాటర్సీ నార్త్‌లో తొలి ఎన్నిక. లేబర్ అభ్యర్థి ఎవరనుకున్నారు? షార్లెట్ డెస్పార్డ్, 74 ఏళ్ల వృద్ధురాలు. స్త్రీల ఓటు కోసం జైలుకెళ్లినావిడ. నైన్ ఎల్మ్స్ మురికివాడలో కాపురం పెట్టి పేదపిల్లలకు వైద్యం, తిండి చూసుకున్నావిడ. ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరేది. ఆవిడ సొంత తమ్ముడు ఫీల్డ్ మార్షల్ జాన్ ఫ్రెంచ్ అప్పుడు ఐర్లండ్‌లో రాజప్రతినిధి. అక్క ఒక పక్క, తమ్ముడు ఒక పక్క. యుద్ధంలో గెలిచిన వేడిలో జరిగిన ఆ ఎన్నికలో శాంతివాదికి గెలుపు ఎక్కడిది? ప్రధాని లాయిడ్ జార్జ్ కూటమి తరఫున నిలబడ్డ రిచర్డ్ మోరిస్ గెలిచాడు. అయినా ఆవిడకు మూడో వంతు ఓట్లు వచ్చాయి. అంత ఎదురుగాలిలో మూడో వంతు అంటే అది ఈ స్థానంలో లేబర్‌కు గట్టి పునాది. దీని మీదే తర్వాతి కథ నడిచింది.

ఇప్పుడు సక్లత్‌వాలా. 1874లో బొంబాయిలో పుట్టారు. జంషెడ్జీ టాటా ఆయనకు స్వయానా మేనమామ. యువకుడిగా బొంబాయి ప్లేగు రోజుల్లో సహాయ పనులు చేశారు. తర్వాత టాటాల కోసం ఇనుప ఖనిజం వెతుకుతూ బీహార్, ఒరిస్సా అడవుల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. వైద్యం కోసం 1905లో ఇంగ్లండ్ వెళ్లి అక్కడే శాలీ మార్ష్ అనే అమ్మాయిని పెళ్లాడారు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీలో చేరారు, 1921లో కమ్యూనిస్టు పార్టీలోకి మారారు. ఆ ఏడే బాటర్సీ నార్త్ కార్మిక సంఘాలు ఆయన్ను తమ అభ్యర్థిగా ఎంచుకున్నాయి. ఆ ఎంపికలో ఆర్చర్ చెయ్యి ఉంది. అప్పటికి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడై ఉండి కూడా లేబర్ అభ్యర్థిగా నిలబడే వీలుండేది. 1922లో ఆర్చర్ తన కౌన్సిలర్ సీటు వదులుకుని సక్లత్‌వాలాకు ఎలక్షన్ ఏజెంటుగా దిగాడు. పై నాయకత్వం చేత ఆమోదం కూడా వేయించాడు.

1922 నవంబర్ 15న పోలింగ్. సక్లత్‌వాలాకు 11,311 ఓట్లు. లిబరల్ పార్టీ అప్పటికి లాయిడ్ జార్జ్ వర్గం, మాజీ ప్రధాని అస్క్విత్ వర్గం అని రెండుగా చీలి ఉంది. లాయిడ్ జార్జ్ వర్గం లిబరల్ హాగ్బిన్‌కు 9,290. అస్క్విత్ వర్గం లిబరల్ ఆల్బుకు 1,756. మెజారిటీ 2,021. లిబరల్ ఓట్లు చీలడం వల్లే గెలిచాడని అప్పుడూ ఇప్పుడూ అనేవాళ్లున్నారు. మీరే కూడి చూడండి. ఇద్దరు లిబరల్స్ ఓట్లు కలిపినా 11,046. సక్లత్‌వాలా కన్నా 265 తక్కువే. పోలైన ఓట్లలో సగానికి పైన ఆయనకే పడ్డాయి. నాలుగేళ్ల కిందట మూడో వంతు ఉన్నది సగం దాటింది. యుద్ధం తర్వాత వచ్చిన నిరుద్యోగం దానికి ఒక కారణం. ఆ ఉద్యోగం లేనివాడి గుమ్మం దాకా వెళ్లి పేరు పెట్టి పిలవగల యూనియన్ మనిషి ఆ వీధిలో ఉండటం రెండో కారణం.

ఏడాదికే మళ్లీ ఎన్నిక. 1923 డిసెంబర్ 6. ఈసారి లిబరల్స్ రెండు వర్గాలూ ఏకమయ్యాయి, హాగ్బిన్ ఒక్కడే నిలబడ్డాడు. ముఖాముఖి పోటీ. హాగ్బిన్‌కు 12,527, సక్లత్‌వాలాకు 12,341. 186 ఓట్లతో ఓటమి. ఇక్కడ సంఖ్యలను కాస్త నిదానంగా చూడాలి. ఓడినా సక్లత్‌వాలాకు కిందటిసారి కన్నా 1,030 ఓట్లు పెరిగాయి. హాగ్బిన్‌కు 3,237 పెరిగాయి. ఆల్బు ఓట్లు 1,756 మొత్తం ఆయనకే వచ్చాయనుకున్నా, మిగతా పద్నాలుగు వందల చిల్లర కొత్తగా బూత్‌కు వచ్చినవాళ్లవి. అంటే అవతలి పక్షం కూడా తన మనుషుల్ని కదిలించడం నేర్చుకుంది.

1924 అక్టోబర్ 29. ఇది చాలా విచిత్రమైన ఎన్నిక. నెల మొదట్లోనే లేబర్ పార్టీ మహాసభ కమ్యూనిస్టులకు టికెట్లు ఇవ్వకూడదని తీర్మానించింది. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు సోవియట్ నాయకుడు జినోవియెవ్ ఉత్తరం పేరుతో ఒక లేఖ పత్రికల్లో వచ్చింది. మాస్కో నుంచి బ్రిటన్ కమ్యూనిస్టులకు తిరుగుబాటు సూచనలట. అది నకిలీదని చరిత్రకారులు చాలామంది తేల్చారు. ఆ రోజుల్లో మాత్రం దేశమంతా ఎర్రజెండా అంటే హడలిపోయింది. లేబర్ పార్టీ 191 సీట్ల నుంచి 151కి పడిపోయింది. హాగ్బిన్ ఈసారి కన్జర్వేటివ్‌ల మద్దతుతో కాన్‌స్టిట్యూషనలిస్ట్ అనే పేరుతో నిలబడ్డాడు. అలాంటి ఎన్నికలో, లేబర్ టికెట్ కూడా లేకుండా, బాహాటంగా కమ్యూనిస్టుగా నిలబడ్డ సక్లత్‌వాలాకు 15,096 ఓట్లు వచ్చాయి. హాగ్బిన్‌కు 14,554. మెజారిటీ 542. ఆ ఎన్నికలో బ్రిటన్ మొత్తంలో గెలిచిన కమ్యూనిస్టు ఆయన ఒక్కరే.

ఎలా సాధ్యమైంది? పై పార్టీ కాదన్నా బాటర్సీ లేబర్ సంఘం ఆయన్ను వదల్లేదు. ఆర్చరే మళ్లీ ఏజెంటు. పోలైన ఓట్లు ఒక్క ఏడాదిలో 4,782 పెరిగాయి. హాగ్బిన్ రెండు వేలు పెంచుకుంటే సక్లత్‌వాలా 2,755 పెంచుకున్నారు. టికెట్ ఇచ్చేది పైవాళ్లు, ఓటు తెచ్చేది కింది సంఘం అనే సంగతి బాటర్సీలో ఇంత తేటగా కనబడుతుంది.

పార్లమెంటులో ఆయనేం చేశారో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది తర్వాతి ఎన్నికకు అక్కరకొస్తుంది. 1922లో గెలిచిన కొద్ది రోజులకే ఐరిష్ ఫ్రీ స్టేట్ రాజ్యాంగ బిల్లును వ్యతిరేకించారు, ఐర్లండ్‌కు అది నిజమైన స్వాతంత్ర్యం కాదని. బెంగాల్ జనపనార మిల్లుల్లో తక్కువ కూలి ఇస్తే స్కాట్లండ్‌లోని డండీ జనపనార కార్మికుడి కూలి కూడా పడిపోతుందని సభలో పదే పదే వాదించారు. భారతదేశం గురించి మాట్లాడుతున్నాడని విసుక్కునేవాళ్లకు ఆయన సమాధానం అదే. కూలి ఎక్కడ తగ్గినా దెబ్బ రెండుచోట్లా తగులుతుందనేది. ఈ వాదన ఈ రోజుకీ బలంగానే ఉందని నేను నమ్ముతాను.

1925లో అమెరికాలో పార్లమెంటు సభ్యుల అంతర్జాతీయ సభకు వెళ్లబోతే అమెరికా ప్రభుత్వం వీసా రద్దు చేసింది. 1926 మే డే రోజున హైడ్ పార్క్‌లో మాట్లాడుతూ సమ్మె చేస్తున్న కార్మికుల మీద కాల్పులు జరపవద్దని సైనికులను కోరారు. దేశవ్యాప్త సార్వత్రిక సమ్మె మొదలైన రోజునే అరెస్టు చేశారు. మంచి ప్రవర్తనకు పూచీకత్తు ఇమ్మంటే ఇవ్వనన్నారు. రెండు నెలలు జైలు. 1927 మొదట్లో భారతదేశం వచ్చినప్పుడు జనం పోటెత్తారు. ఖాదీ విషయంలో గాంధీజీతో గట్టిగా విభేదించారు, గాంధీజీ యంగ్ ఇండియాలో జవాబు రాశారు. ఇంగ్లండ్ తిరిగెళ్లాక ప్రభుత్వం ఆయన మళ్లీ భారతదేశం రాకుండా అనుమతి రద్దు చేసింది. 1929లో లేబర్ ప్రభుత్వం వచ్చినా ఆ నిషేధం తీయలేదు. తను పుట్టిన దేశానికి ఒక మనిషిని రానివ్వకపోవడం అన్యాయం, అది ఏ పార్టీ చేసినా అన్యాయమే.

అదే 1927 నవంబర్‌లో సైమన్ కమిషన్ బిల్లు సభకు వచ్చింది. ఏడుగురు సభ్యుల్లో ఒక్క భారతీయుడు లేడు. లేబర్ పార్టీ తన ఇద్దరు సభ్యులను ఆ కమిషన్‌లోకి పంపింది, అందులో ఒకరు తర్వాత ప్రధాని అయిన అట్లీ. సభలో సక్లత్‌వాలా ఎదురు నిలబడ్డారు. మూడు నెలలు తిరగకుండానే, 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో ఆ కమిషన్‌కు నిరసనగా టంగుటూరి ప్రకాశం పంతులు గారు పోలీసు తుపాకీకి ఎదురుగా గుండె చూపారు. ఆ గుండె మనందరికీ తెలుసు. అదే కమిషన్‌ను లండన్‌లో, పుట్టక ముందే వ్యతిరేకించిన బాటర్సీ నార్త్ సభ్యుడు కూడా మనకు తెలిసి ఉండాలని నా కోరిక.

ఇప్పుడు అసలు మలుపు. 1925 లివర్‌పూల్ మహాసభలో లేబర్ పార్టీ ఇంకో మెట్టు దిగింది. కమ్యూనిస్టులు పార్టీలో వ్యక్తిగత సభ్యులుగా కూడా ఉండకూడదంది. బాటర్సీ సంఘం ఒప్పుకోలేదు. 1926లో లేబర్ నాయకత్వం బాటర్సీ ట్రేడ్స్ కౌన్సిల్, లేబర్ పార్టీ శాఖ గుర్తింపును రద్దు చేసి, ఉత్తరంలో కొత్త శాఖ పెట్టింది. పాత ఇల్లు రెండు ముక్కలైంది. ఎవరెటు వెళ్లాలి? ఆర్చర్ కొత్త అధికార శాఖ వైపు వెళ్లాడు.

దీన్ని ద్రోహం అని రాసినవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. ఆర్చర్ జీవితమంతా కూటములు కట్టినవాడు. ఊరికి ఇళ్లు, కూలి, స్నానశాలలు సాధించింది ఆ కూటమి వల్లేనని ఆయనకు తెలుసు. మరోపక్క కమ్యూనిస్టు పార్టీ కూడా 1928 నుంచి లేబర్‌ను శత్రువుగా చూడాలన్న మాస్కో పంథా తీసుకుంది. వర్గానికి వ్యతిరేకంగా వర్గం అన్నది నినాదం. లేబర్ అంటే పెట్టుబడిదారుల మూడో పార్టీ అన్నారు. సక్లత్‌వాలా ఆ పంథాను అయిష్టంగా మోయలేదు, మనస్ఫూర్తిగా సమర్థించారు. నిజాయితీపరుడే, కానీ తనకు ఓటేసిన రైల్వే కార్మికుడి యూనియన్‌నూ, ఆ యూనియన్ కట్టిన పార్టీనీ శత్రువనడం ఆ ఓటరుకు ఎలా ఎక్కుతుంది? ఇద్దరిలో నాకు సక్లత్‌వాలా మీదే అభిమానం ఎక్కువ. రాజకీయంగా మాత్రం ఆర్చర్ చేసిన లెక్కే సరైనదని నాకు అనిపిస్తుంది.

1929 మే 30. స్త్రీలకు కూడా 21 ఏళ్లకే ఓటు వచ్చాక జరిగిన మొదటి సాధారణ ఎన్నిక. ఓటర్లు బాగా పెరిగారు. లేబర్ అభ్యర్థి స్టీఫెన్ సాండర్స్, యువకుడిగా జాన్ బర్న్స్ వెంట బాటర్సీలోనే పనిచేసిన పాత మనిషి. ఆయన ఏజెంటు జాన్ ఆర్చర్. అయిదేళ్ల కిందట సక్లత్‌వాలాను గెలిపించిన చేతులే ఇప్పుడు ఆయనకు ఎదురుగా పనిచేశాయి. సాండర్స్‌కు 13,265 ఓట్లు. కన్జర్వేటివ్ మార్స్‌డెన్‌కు 10,833. సక్లత్‌వాలాకు 6,554. లిబరల్‌కు 4,513.

సాండర్స్ ఓట్లు, సక్లత్‌వాలా ఓట్లు కలపండి. 19,819. పోలైనదాంట్లో 56 శాతం. 1924లో సక్లత్‌వాలాకు వచ్చింది 51 శాతం లోపే. అంటే బాటర్సీ నార్త్ ఎడమ పక్షం నుంచి కదల్లేదు, ఇంకా పెరిగింది. ఓటరు పక్షం మారలేదు, సంఘం ఎటు వెళ్తే అటు వెళ్లాడు. అయినా 6,554 మంది, అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు, సంఘాన్ని కాదని మనిషి వెంట నిలిచారు. అది చిన్న విషయం కాదు. ఆయన సొంత ఓటు ఎంతో కొలవాలంటే నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు. డిపాజిట్ కూడా దక్కింది. అప్పట్లో అక్కడ డిపాజిట్ 150 పౌండ్లు, దక్కాలంటే ఎనిమిదో వంతు ఓట్లు దాటాలి. మన దగ్గర ఆరో వంతు. ఆయన ఓట్లు 18 శాతం పైనే కాబట్టి మన లెక్క ప్రకారం చూసినా దక్కినట్లే.

1931లో దేశమంతా లేబర్ కొట్టుకుపోయింది. ప్రధాని మాక్డొనాల్డ్ సొంత పార్టీని వదిలి కన్జర్వేటివ్‌లతో నేషనల్ ప్రభుత్వం పెట్టాక జరిగిన ఎన్నిక. లేబర్‌కు 52 సీట్లే మిగిలాయి. బాటర్సీ నార్త్ కూడా పోయింది. మార్స్‌డెన్ గెలిచాడు. సక్లత్‌వాలాకు మూడు వేల చిల్లర ఓట్లు, పదో వంతు కూడా కాదు. ఈసారి డిపాజిట్ గల్లంతు. మరుసటి ఏడాది ఆర్చర్ చనిపోయాడు. 1936 జనవరిలో సక్లత్‌వాలా కన్నుమూశారు. ఆ ఏడాదే మొదలైన స్పెయిన్ అంతర్యుద్ధానికి బ్రిటన్ నుంచి వెళ్లిన వాలంటీర్ల దళానికి సక్లత్‌వాలా బెటాలియన్ అని పేరు పెట్టారు. వాడుకలో బ్రిటిష్ బెటాలియన్ అనే పేరే నిలిచిందనుకోండి.

తర్వాతి యాభై ఏళ్లను త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అందులో పోటీ తక్కువ. 1935లో సాండర్స్ సీటు తిరిగి గెలుచుకున్నాడు. 1940 ఏప్రిల్‌లో ఉప ఎన్నిక వచ్చింది. యుద్ధకాలపు ఒప్పందం ప్రకారం పెద్ద పార్టీలు ఒకదాని మీద ఒకటి పోటీ పెట్టలేదు. లేబర్ అభ్యర్థి ఫ్రాన్సిస్ డగ్లస్‌కు ఎదురుగా యుద్ధాన్ని ఆపాలనే నినాదంతో ఒకరు నిలబడితే ఎనిమిది వందల లోపు ఓట్లు వచ్చాయి. డెస్పార్డ్‌కు మూడో వంతు ఓట్లిచ్చిన ఊరు ఇదేనా అనిపిస్తుంది. కానీ 1940లో ఎదురుగా ఉన్నది హిట్లర్. ఓటర్లు రెండు యుద్ధాలకూ తేడా గుర్తించారు. 1946లో డగ్లస్‌ను మాల్టా గవర్నర్‌గా పంపారు. మళ్లీ ఉప ఎన్నిక. ఈసారి డగ్లస్ జే గెలిచారు. ఒకరి ఇంటిపేరు డగ్లస్, ఒకరి సొంత పేరు డగ్లస్, కాబట్టి కలగాపులగం చేసుకోకండి. జే 1964 నుంచి 1967 దాకా వాణిజ్య మంత్రి. యూరోపియన్ ఉమ్మడి మార్కెట్‌లో చేరడాన్ని చివరిదాకా వ్యతిరేకించారు. 1946 నుంచి 1983 దాకా 37 ఏళ్లు బాటర్సీ నార్త్ ఆయనదే.

ఈ సుదీర్ఘ కాలంలో ఊరు లోపల్లోపల మారిపోయింది. యుద్ధంలో బాంబులు పడ్డ వీధులు కూల్చి కౌన్సిల్ ఫ్లాట్లు కట్టారు. రైల్వే యార్డులు, ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1960ల్లో బాటర్సీ బరో, అంటే అక్కడి స్థానిక పాలనా విభాగం, వాండ్స్‌వర్త్ బరోలో కలిసిపోయింది. లండన్ నడిబొడ్డు జనాభా తగ్గుతూ వచ్చింది. జనాభా తగ్గితే సీట్లు తగ్గుతాయి. 1983లో ఉత్తరం, దక్షిణం మళ్లీ కలిపి బాటర్సీ అనే ఒకే స్థానం చేశారు. 1918లో గీసిన గీతను అరవై అయిదేళ్లకు చెరిపారు. జే విరమించుకున్నారు. కొత్త స్థానంలో లేబర్ తరఫున ఆల్ఫ్ డబ్స్ గెలిచారు. ప్రాగ్ నగరం నుంచి ఆరేళ్ల వయసులో, నాజీల బారి నుంచి యూదు పిల్లల్ని తప్పించిన రైలెక్కి ఇంగ్లండ్ చేరినవాడు. అంతకు ముందు బాటర్సీ సౌత్ సభ్యుడు.

కొత్త స్థానం లేబర్ చేతిలో ఎక్కువ కాలం లేదు. 1987 జూన్ 11న డబ్స్ ఓడిపోయారు, కన్జర్వేటివ్ జాన్ బోయిస్ గెలిచారు. నది ఒడ్డు వీధులకు కన్జర్వేటివ్ ప్రతినిధి రావడం మార్స్‌డెన్ తర్వాత అదే మొదటిసారి. అదే రోజున లెస్టర్ ఈస్ట్ అనే స్థానంలో లేబర్ తరఫున కీత్ వాజ్ గెలిచారు. 1929లో బాటర్సీ నార్త్‌లో సక్లత్‌వాలా ఓడిన తర్వాత, 58 ఏళ్లకు, భారతీయ మూలాలున్న సభ్యుడు కామన్స్ సభకు మళ్లీ ఎన్నికయ్యారని సాధారణంగా లెక్కిస్తారు.

మీ ఓపికకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.